భీమశంకరరావు లెక్కపెట్టిన దీపాలు

"జీతం ఎవుడిత్తన్నాడు పంతులుగారూ తవరికి? మనవా, కరెంటోల్లా?"

అడిగినవాడు పన్నెండో వార్డు కౌన్సిలర్ ఎల్లాజీ. అడిగిన చోటు విశాఖపట్నంలో ఒక ఫంక్షన్ హాలు మెట్లు. 2002 ఫిబ్రవరి, మిట్టమధ్యాహ్నం, నలుగురూ వింటుండగా. అడిగించుకున్నవాడు భీమశంకరరావు, మునిసిపాలిటీలో కౌన్సిల్ సెక్షన్ సూపరింటెండెంటు. చంకలో కరెంటు రేట్ల మీద అభ్యంతర పత్రం ఉంది. తరవాత ఈ సంగతి చెప్పుకున్నప్పుడల్లా, "ఆ పూట న్యాయంగా నాకు జీతం ఇవ్వాల్సింది కరెంటువాళ్లే" అని ఆయనే ముందు నవ్వేసేవాడు. ఎదుటివాడికి నవ్వే అవకాశం ఇవ్వకపోవడం ఆయన పద్ధతి.

ఆయనది మండపేట దగ్గర పల్లె. స్టీల్ ప్లాంటులో ఉద్యోగాలిస్తున్నారని విని బావగారితో కలిసి ఒకే బస్సులో వచ్చాడు. ప్లాంటు బావగారిని తీసుకుంది, ఈయన్ని చూసి "తరవాత చెబుతాం" అంది. ఇప్పటికీ చెప్పలేదు. నగరాన్ని ఆనుకుని అప్పట్లో ఒక చిన్న మునిసిపాలిటీ విడిగా ఉండేది. తరవాత మహానగరంలో కలిసిపోయి, ఇప్పుడు బస్సు బోర్డు మీద కూడా దాని పేరు లేదు. అందులో గుమాస్తాగా చేరాడు. కూర్మన్నపాలెంలో బావగారు ఇనుము పోత పోస్తుంటే, ఇక్కడ ఈయన తీర్మానాలు పోత పోశాడు. ఇరవై నాలుగేళ్లు. లోకంలో జరిగే సమస్తమూ "ఆమోదించడమైనది", "వాయిదా వేయడమైనది", "తీవ్రంగా ఖండించడమైనది" అనే మూడింట్లో ఏదో ఒకదాని కింద పడుతుందని ఆయన అనుభవం.

ఒక్క దురలవాటు ఉండేది. ఉద్యోగం చేస్తూనే పోస్టులో పాఠాలు తెప్పించుకుని ఎం.ఏ. ఎకనామిక్స్ ప్యాసయ్యాడు. దానివల్ల జీతం పెరగలేదు కానీ "గుత్తాధిపత్యం" అనే మాట వచ్చి చేరింది. కొత్త చొక్కా కొనుక్కుని ఎక్కడికీ పిలుపు రానివాడిలా, ఆ మాట వేసుకెళ్లే సందర్భం కోసం ఎదురుచూస్తూ ఉండేవాడు.

సందర్భం వచ్చింది. విద్యుత్ బోర్డును ముక్కలు చేశాక, పంపిణీ సంస్థ ఏటా తనకు ఎంత కావాలో చెప్పుకోవాలి. నియంత్రణ మండలి ఊరికి వచ్చి జనం అభ్యంతరాలు వినాలి. ఆ ఏడు వీధి దీపాల రేటు కూడా పెంచుతామన్నారు. కౌన్సిల్ మండిపడింది. పద్నాలుగో అంశం కింద "పోటీ లేని సంస్థ ఇష్టారాజ్యంగా రేట్లు పెంచడాన్ని" తీవ్రంగా ఖండించింది. పదిహేనో అంశం కింద కుళాయి చార్జీ నెలకు నలభై నుంచి అరవై చేస్తూ ఆమోదించింది. రెండూ భీమశంకరరావే రాశాడు, ఒకే పెన్నుతో, మధ్యలో టీ కూడా తాగకుండా.

మండలి ముందు మాట్లాడటానికి ఎవరో ఒకరు వెళ్లాలి. ఆరు ప్రతులు, ప్రమాణ పత్రం, ఇంగ్లీషు అనేసరికి సభ్యులందరికీ ఒకేసారి పెళ్లిళ్లు వచ్చాయి. ఈయన అడక్కముందే చెయ్యెత్తాడు.

"మీకెందుకండీ?" అంది భార్య తాయారు ఆ సాయంత్రం. "పద్నాలుగు నెలల్లో రిటైరవుతున్నారు. నోరు మూసుకుని కూర్చుంటే గ్రాట్యుటీ వస్తుంది. దాంతో ఈ ఫ్లాటు మనదవుతుంది."

సీతమ్మధారలో వాళ్లు అద్దెకుంటున్న రెండు గదుల ఫ్లాటును ఓనరు అమ్మేస్తానన్నాడు. పద్నాలుగు నెలలు ఆగుతానని మాటిచ్చాడు. గ్రాట్యుటీ లక్షా అరవై ఎనిమిది వేల మూడు వందలని తాయారు క్యాలెండరు వెనక రాసిపెట్టుకుంది.

"ఇది ప్రజల సమస్య, తాయారూ."

"ప్రజలు మిమ్మల్ని అడిగారా?"

అడగలేదు. అడిగింది ఎం.ఏ.

వీధి దీపాలకు మీటర్లు లేవు. స్తంభానికి ఒక దీపం, దీపానికి ఇంత అని లెక్క కట్టి బిల్లు వేస్తారు. వెలగని దీపాలకూ వేస్తున్నారని అందరికీ తెలుసు. వెలగనివి ఎన్నో తేలిస్తే గుత్తాధిపత్యం మెడ వంచవచ్చు. బిల్లులో ఎన్ని దీపాలున్నాయో చూద్దామనుకున్నాడు కానీ బిల్లు అకౌంట్స్ సెక్షన్‌లో ఉంటుంది. అది పక్క గదే, మధ్యలో తలుపు కూడా ఉంది. అయినా ఒక సెక్షన్ కాగితం ఇంకో సెక్షన్‌కు రావాలంటే కమిషనర్ సంతకం కావాలి. నోట్ పెట్టాడు. కమిషనర్ సెలవులో ఉన్నాడు. లేచి వెళ్లి "బాబూ, ఒకసారి చూపించు" అని అడగడం ఇరవై నాలుగేళ్ల సర్వీసులో ఆయనకు తట్టలేదు. ఆ నోటుకు జవాబు విచారణ అయిన తొమ్మిదో రోజున వచ్చింది.

దీపాలు వెలిగించే సింహాద్రిని వెంటేసుకుని వరసగా పదకొండు సాయంత్రాలు స్తంభాలు లెక్కపెట్టాడు. సింహాద్రి సుద్దముక్కతో స్తంభానికి అంకె వేసేవాడు, ఈయన పుస్తకంలో రాసుకునేవాడు. అంతా అయ్యాక అనుమానం వచ్చి మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాడు.

పన్నెండో వార్డు సముద్రపు ఒడ్డున చేపలవాళ్ల పేట. అక్కడ దీపాలు చిక్కుడు కాయల్లా గుత్తులుగా ఉన్నాయి.

"ఏమయ్యా, ఇన్ని లైట్లెందుకు ఇక్కడ?"

"అమ్మోరి జాతరకి ఎల్లాజీబాబు ఎట్టించారండి."

"జాతర ఎప్పుడు?"

"ఏటేటా అవతాదండి."

"అవగానే తీసెయ్యరా?"

సింహాద్రి ఆయన్ని జాలిగా చూశాడు. "మల్లీ ఏడు జాతరుంటాది కదండీ. తీసి మల్లీ ఎట్టడవేటి, పనికిమాలిన పని?"

ఆ తర్కం భీమశంకరరావుకు నచ్చింది. మూడుసార్లు ఎన్నికల్లో గెలిచిన ఎల్లాజీ ఏడాదికొక వరస కలుపుకుంటూ, ఇసకలోకి పడవలు లాగే చోటుదాకా వెలుగు పొడిగించాడని అప్పటికే అర్థమై ఉండాల్సింది. ఆయన మాత్రం వెలగని దీపాల మీదే కళ్లు పెట్టుకున్నాడు. మొత్తం 1,312. వెలగనివి 411. ప్రమాణ పూర్వకంగా ఆరు ప్రతులు టైపు చేయించి సంతకం పెట్టాడు.

విచారణ రోజున ఫంక్షన్ హాల్లో "గుత్తాధిపత్యం" అనే మాటను ఆరుసార్లు వాడాడు. "పోటీ లేని చోట ధర అనేది ధర కాదు, పన్ను" అని కూడా అన్నాడు. చప్పట్లు పడ్డాయి. ఎల్లాజీ అందరికంటే గట్టిగా కొట్టాడు.

పంపిణీ సంస్థ లాయరు నెమ్మదిగా లేచాడు. "మీ మునిసిపాలిటీలో జనం నీళ్లు మీ దగ్గర కాక ఇంకెవరి దగ్గరైనా కొనుక్కోవచ్చాండి?"

"అది వేరే విషయం."

"సరే. ఈ దీపాలు మీరే స్వయంగా లెక్కపెట్టారా?"

"నేనే. రెండుసార్లు."

"చాలా సంతోషం. మా పుస్తకాల్లో మీ దీపాలు 1,140. ఆ లెక్కకే బిల్లు వేస్తున్నాం. వెలగని బల్బు మార్చుకోవడం మీ పని, స్తంభం ఉంటే బిల్లు ఉంటుంది. మిగతా నూట డెబ్బై రెండూ అనుమతి లేకుండా వెలుగుతున్నాయని ఇంతకాలం మాకు తెలియదు. ప్రమాణం చేసి మరీ చెప్పారు. మా సంస్థ తరఫున కృతజ్ఞతలు."

ఇదయ్యాకే మెట్ల మీద ఎల్లాజీ ఆ ప్రశ్న అడిగింది.

నెల తిరక్కుండా బిల్లు వచ్చింది. నూట డెబ్బై రెండు దీపాలు, దీపానికి ఏటా నాలుగు వందలు, మూడేళ్లకు రెండు లక్షల ఆరు వేల నాలుగు వందలు. ఆడిట్ అభ్యంతరం పెట్టింది. కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమై, నష్టం తెచ్చిన ఉద్యోగి నుంచి రాబట్టాలనీ, అంతవరకూ గ్రాట్యుటీ నిలిపెయ్యాలనీ నిర్ణయించింది. తీర్మానం రాయాల్సింది ఎవరు? కౌన్సిల్ సెక్షన్ సూపరింటెండెంటు. చైర్మన్ చెప్పిన ముసాయిదా పేలవంగా ఉందనిపించి, "బాధ్యతారాహిత్యానికి పరాకాష్ఠ" అనే ముక్క ఈయనే కలిపాడు. తన గురించి తాను రాసుకున్న వాక్యాల్లో అదే బాగా కుదిరిందని అనేవాడు.

బయటపడే దారి ఒకటి ఉంది. కమిషనరే పిలిచి చెప్పాడు: లెక్కలో పొరపాటు జరిగిందని ఒక్క కాగితం రాసిస్తే పంపిణీ సంస్థతో మాట్లాడి బిల్లు రద్దు చేయిస్తాడు, గ్రాట్యుటీ వచ్చేస్తుంది.

ఆ ఆదివారం ఎల్లాజీ రెండు కేజీల వంజరం పట్టుకుని సీతమ్మధార వచ్చాడు. ఈ ఇంట్లో చేపలు తినరని గుమ్మంలో గుర్తొచ్చి, సంచీ మెట్ల మీదే వదిలేశాడు.

"రాసీండి పంతులుగారూ. తప్పయిపోనాదని ఒక్క ముక్క. నాను చైర్మన్‌తోటి మాటాడతాను."

"రాస్తాను. రాస్తే ఆ నూట డెబ్బై రెండూ లేనట్టే కదా?"

"లేనట్టేనండి."

"మర్నాడు కరెంటువాళ్లు నిచ్చెనతో వచ్చి పీక్కుపోతే, లేని దీపాలు పీకారని ఎవరి మీద ఫిర్యాదు చేస్తావు?"

ఎల్లాజీ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఒడ్డునున్నయ్యీ పీకేత్తారా?"

"ముందు అవే."

"తెల్లారగట్ల పడవలు దిగుతాయండి. మా ఆడోల్లు సేపలేరుకునేది ఆ ఎలుగులోనే." గొంతు తగ్గించాడు. "మరి తవరి డబ్బులు?"

భీమశంకరరావు తాయారు వంక చూశాడు. ఆవిడ క్యాలెండరు వంక చూసింది.

"ఆయన రాయరులే బాబూ," అంది. "పదకొండు రోజులు తిరిగి, మళ్లీ పదకొండు రోజులు తిరిగారు. లెక్క తప్పని ఒప్పుకోవడం ఈయన వల్ల కాదు. కూరల కొట్లో అర్ధరూపాయి దగ్గరే ఒప్పుకోరు."

పేటలో ఇప్పటికీ కొందరు ఆయన్ని త్యాగమూర్తి అంటారు. ఎల్లాజీ ఒకసారి దండ కూడా వేయబోయాడు. ఈ పూజకు ఆయన అర్హుడు కాడు. ఒడ్డున చేపలేరుకునే ఆడవాళ్ల సంగతి ఎల్లాజీ చెప్పేదాకా ఆయన బుర్రలోనే లేదు. రెండో శ్రేణిలో ప్యాసైన ఎం.ఏ. పట్టుకుని జీవితంలో కచ్చితంగా చేసిన పని ఒక్కటే: 1,312 వరకు లెక్కపెట్టడం. అది తప్పని సంతకం పెడితే ఇక మిగిలేది ఏమిటి?

కాగితం రాయలేదు. దీపాలు పుస్తకాలకెక్కాయి, స్తంభాలకు నంబర్లు పడ్డాయి. పాత బకాయి మునిసిపాలిటీ వాయిదాల్లో కట్టేసింది. 2003 ఏప్రిల్‌లో భీమశంకరరావు రిటైరయ్యాడు, శాలువా కప్పారు. ఓనరు ఇంకో నెల ఆగి ఫ్లాటు వేరేవాళ్లకు అమ్మాడు. మొగుడూ పెళ్లామూ కూర్మన్నపాలెంలో బావగారి వెనక వీధిలో అద్దె పోర్షన్‌కు మారారు. అక్కడ ఇంటి ముందు వీధి దీపం వెలగదు. ఎవరికీ ఫిర్యాదు చెయ్యవద్దని తాయారు ఒట్టు వేయించుకుంది.

ఎల్లాజీ ఏటా జాతరకు పిలుస్తాడు, ఈయన వెళ్తాడు. 2008 జాతరకు ఒడ్డున కొత్తగా మరో తొమ్మిది దీపాలు కనిపించాయి. లెక్కపెట్టాడు, ఎవరికీ చెప్పలేదు.

పాత మునిసిపాలిటీ ఆడిట్ అభ్యంతరం ఇంకా తెగలేదు. ఆయనకు రావలసిన గ్రాట్యుటీ లక్షా అరవై ఎనిమిది వేల మూడు వందల రూపాయల్లో ఇప్పటిదాకా ఒక్క రూపాయి కూడా చేతికి రాలేదు.