బొటనవేలు లేని చెయ్యి

ఆ ఏడాది నేను నడిచిన గుర్తు లేదు, అంతా పరుగే. పొద్దున ఎనిమిదింటికి ఊరికి ఆ చివర కాలేజీ, మధ్యాహ్నం రెండింటికి సలాబత్‌పురాలో ఇంటర్న్‌షిప్, రెండింటికీ మధ్య బస్సు. భుజాన కాగితాల చుట్ట, సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చే ఇనప స్కేలు. అది తగిలినందుకు బస్సులో ఎన్ని తిట్లు తిన్నానో లెక్కలేదు. నేనూ ఊరుకునే రకం కాదు. గుజరాతీలో తిడితే గుజరాతీలో, హిందీలో తిడితే హిందీలో తిప్పికొట్టేదాన్ని. తెలుగు మాత్రం ఇంటికోసం దాచుకునేదాన్ని.

ఫ్యాషన్ డిజైన్ ఆఖరి సంవత్సరం. ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ లేకపోతే డిగ్రీ లేదు. ఆఖరి జ్యూరీ గట్టెక్కకపోయినా డిగ్రీ లేదు. జ్యూరీ అంటే మనం సొంతంగా ఆలోచించి కుట్టిన అయిదు డ్రెస్సుల్ని ముగ్గురు మేడమ్‌లు లోపలా బయటా తిరగేసి చూసి, అడ్డమైన ప్రశ్నలన్నీ అడిగి మార్కులేసే రోజు. చేరేటప్పుడు రెండు చోట్లా కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు. ఇక్కడ చూపించే డిజైన్ ఇంకెవరికీ ఇవ్వకూడదని కాలేజీ కాగితం. ఇక్కడ గీసిన ప్రతి గీతా మాదేనని స్టూడియో కాగితం. రెండూ సరిగ్గా చదవకుండానే సంతకం చేశాను. బస్సుకు టైమవుతోంది మరి.

నా అయిదు డ్రెస్సులకు ఆలోచన దొరకడానికే రెండు నెలలు పట్టింది. క్లాసులో ఒకమ్మాయి సముద్రం తీసుకుంది, ఒకమ్మాయి సీతాకోకచిలుకలు, ఇంకొకమ్మాయి తను ఎన్నడూ చూడని పారిస్ వీధులు. నాకేమీ తోచక గోళ్లు కొరుక్కుంటూ ఇంట్లో కూర్చుంటే, అన్నం తింటున్న బాపు అమ్మ వైపు చూసి చెయ్యి ఇలా తిప్పాడు. అమ్మ మజ్జిగ తెచ్చి పోసింది. ఒక్క మాట లేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే, ఆ రోజు మాత్రం లేచి కూర్చున్నాను.

బాపు అంటే నాన్న, తెలంగాణ నుంచి ఈ గుజరాతీ ఊరికి మగ్గాల పనికి వచ్చినవాడు. మేముండేది పర్వత్ పాటియాలో అలాంటి కుటుంబాలే నిండిన సందులో. కార్ఖానాలో పవర్‌లూమ్‌ల మోతకు చెవి దగ్గర అరిచినా వినపడదు. అందుకని వాళ్లంతా చేతులతో మాట్లాడుకుంటారు. చాయ్‌కి ఒక సైగ, నూలు అయిపోతే ఒక సైగ, సేఠ్ వస్తున్నాడంటే కడుపు నిమురుకునే సైగ. ఏళ్ల తరబడి అదే అలవాటై ఇంటికొచ్చినా చేతులే ముందు మాట్లాడతాయి.

సెలవు రోజున బాపును కిటికీ పక్కన కూర్చోబెట్టి ఒక్కో సైగా గీశాను. ఫొటో దిగేవాడిలా బిగుసుకుపోయాడు.

"గివి గూడ బొమ్మలేస్తరా బిడ్డా?" అన్నాడు సిగ్గుపడుతూ.

అన్నిట్లోకీ నాకు నచ్చింది ఒకటుంది. నాలుగు వేళ్లూ దగ్గరగా పైకి నిలబెట్టి, బొటనవేలు ఒక్కటీ విడిగా పక్కకు చాచడం. పోగు తెగింది, మగ్గం ఆపు అని దానర్థం. నాలుగు వేళ్లు బట్ట అనుకో, బొటనవేలు తెగిన పోగు, అని విడమరిచి చెప్పాడు. ఆ చేతినే వరసలు వరసలుగా గీసి నా కలెక్షన్ మొత్తానికీ అచ్చుబొమ్మ చేసుకున్నాను. బొమ్మ ఇంకా చూపించకుండా, కార్ఖానా సైగల మీద చేస్తానని నోటిమాటగా చెబితేనే కాలేజీలో మేడమ్ తలూపింది. ఆవిడ తలూపడమంటే మాకు పండగే.

ఇక స్టూడియో సంగతి. పాత మేడ మీద రెండో అంతస్తు, కిటికీ లేని గది, ఆరు కంప్యూటర్లు. అక్కడ తయారయ్యేవి ప్రింటు చీరల డిజైన్లు. వ్యాపారి వస్తాడు, మార్కెట్లో బాగా పోతున్న చీర ఫొటో ఫోన్లో చూపిస్తాడు, ఇలాంటిదే కావాలి, కొంచెం మార్చు అంటాడు. ఆ కొంచెం మార్చడమే మా ఉద్యోగం. ఒక్కొక్కరం సాయంత్రం ఆరయ్యేసరికి ఆరు డిజైన్లు ఇవ్వాలి. పూవు ఎవరిది, తీగ ఎవరిది అని అడిగే దిక్కు లేదు. మా అందరి మీదా ఒక మాస్టర్ ఉండేవాడు. ఆడపిల్లలందర్నీ బెన్ అనేవాడు, అంటే చెల్లీ అని. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, మన కుర్చీ వెనక నిలబడి చూసి, "చాల్శే" అనేవాడు. గుజరాతీలో నడుస్తుంది అని. ఆ మాట వినపడితే ఇంటికి పోవచ్చు.

ఆ రోజు కాలేజీలో బొమ్మకు బట్ట చుట్టి కొలతలు చూసే క్లాసు సాగి సాగి ఆలస్యమైంది. దానికి తోడు బస్సు వంతెన మీద నిలబడిపోయింది. స్టూడియోకి చేరేసరికి మూడున్నర. తిండి లేదు. నోరెత్తకుండా గీసినా అయిదున్నరకు అయిదే అయ్యాయి. ఆరోదానికి బుర్రలో ఏమీ లేదు, ఒట్టి ఖాళీ. సంచిలో పెన్‌డ్రైవ్ ఉంది, అందులో బాపు చెయ్యి ఉంది. పెట్టేశాను. వేల చీరల్లో ఒక చీర, ఎవరు చూడొచ్చారు అనుకున్నాను.

మాస్టర్ వచ్చి చూశాడు.

"ఇదేంటి బెన్, ట్రాఫిక్ పోలీసా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. "పక్కకున్న ఈ వేలు తీసెయ్, తామర మొగ్గయిపోతుంది."

తీసేశాను. నిమిషం కూడా పట్టలేదు. మొగ్గకు గులాబీ రంగు, కాడకు ఆకుపచ్చ. "చాల్శే" అన్నాడు. ఆరుగంటల బస్సు దొరికింది, సీటు కూడా దొరికింది. నిజం చెప్పాలంటే నాకు ఆ పూట ఏమీ అనిపించలేదు, హాయిగా కునుకు తీశాను.

నెల తిరిగేసరికి ఆ మొగ్గల చీర మార్కెట్లో దుమ్ము లేపింది. ఇంకో ఎనిమిది రంగుల్లో కావాలని వ్యాపారి మళ్లీ వచ్చాడు. ఒకరోజు బస్సులో నా ముందు సీట్లో ఒకావిడ కట్టుకుని కూర్చుంటే, దిగాల్సిన చోటు దాటిపోయినా ఆ కొంగునే చూస్తూ ఉండిపోయాను. మురిసిపోయాను కూడా. తెలివితక్కువదాన్ని.

జ్యూరీకి వారం ముందు కాలేజీలో ముందస్తు పరీక్షలాంటిది పెట్టారు. నా డ్రెస్సులు చూసిన మేడమ్ మొహం ముడుచుకుంది. ఫోన్ తీసి చీర ఫొటో నా ముందు పెట్టింది.

"మా ఇంట్లో వంటావిడ ఇది కట్టుకుని వచ్చింది నిన్న. మార్కెట్ చీరలోంచి కాపీ కొట్టి, ఒక వేలు తగిలించి మాకు కథలు చెప్తున్నావా?"

ఒళ్లు మండిపోయింది. నేను కాపీ కొట్టలేదు మేడమ్ అని గట్టిగానే అన్నాను. అది నిజమే. మిగతా నిజం మాత్రం చెప్పలేదు. నేనే ఇచ్చానంటే కాలేజీ కాగితం నా మెడకు చుట్టుకుంటుంది, డిగ్రీ పోతుంది. స్కెచ్‌బుక్ చూపిస్తే, అది ఎప్పుడైనా నింపుకోవచ్చు అంది. వచ్చే శుక్రవారం జ్యూరీకి రుజువు తెస్తే సరి, లేకపోతే ఏడాది ఆగమంది. మా సందులో ఆడపిల్ల ఒక ఏడాది ఆగడమంటే ఏమిటో ఆవిడకెలా తెలుస్తుంది? ఆగిన పిల్లలెవరూ మళ్లీ కాలేజీకి వెళ్లలేదు.

మాస్టర్ని అడిగాను, ఈ బొమ్మ మొదట నాదేనని ఒక్క ఉత్తరం ముక్క రాసివ్వమని. ఆయన కళ్లజోడు కిందికి దించాడు. అమ్మేశాక అది వ్యాపారి సొత్తు, ఉత్తరమిస్తే నా పీక పట్టుకుంటాడు, నీ సర్టిఫికెట్ కూడా మర్చిపో బెన్ అన్నాడు. కోపంగా కాదు, మంచిగానే. ఆ మంచితనానికే నాకు ఇంకా చిరాకేసింది.

ఇంటికొస్తే గుమ్మంలోనే కొత్త మూట. అమ్మ ఇంట్లో కూర్చుని చీరల మీద మెరుపు రాళ్లు అతికించే పని చేస్తుంది. ఆ మూటలో ఉన్నవన్నీ నా మొగ్గలే. అమ్మ ఒక్కో మొగ్గ కొసన ఒక్కో రాయి అద్దుతోంది. షిఫ్ట్ దిగి వచ్చిన బాపు కాళ్లు కడుక్కుని, అలవాటుగా ఒక చీర అంచు తీసి బట్ట నాణ్యం చూశాడు. తర్వాత బొమ్మ చూశాడు. దూరంగా పెట్టి మళ్లీ చూశాడు.

"ఏందే ఇది? మన బిడ్డ గీసిన చెయ్యి గాదా?"

"మొగ్గలయ్యా అవి. మొన్నటి సంది ఇవే వస్తున్నయి" అంది అమ్మ.

"మొగ్గలేంది? నా చెయ్యి నాకు ఎర్క లేదా? బొటనేలు ఏడబోయింది మరి?" నావైపు తిరిగాడు. "ఎవడో దొంగతనం జేసిండు బిడ్డా నీ బొమ్మ. నువ్వేమో చెప్తలేవు."

అప్పుడు చెప్పాల్సింది. కాలేజీలో ఏమైందో మాత్రం చెప్పాను, కాపీ అన్నారని, రుజువు అడిగారని. దొంగ ఎవరో చెప్పలేదు. బాపు కోపం నేను ఎప్పుడో గానీ చూడలేదు. ఆ పూట అన్నం సగంలో లేచాడు.

"శుక్రవారం నేనొస్త. నేను జెప్త ఆ మేడమ్‌లకు."

"వద్దు బాపూ, నీ షిఫ్ట్ పోతది. వాళ్లు వినరు."

"ఎందుకు వినరు? గింత కష్టపడ్డవు, ఎవనికో ఇడిచిపెడ్తమా?"

ఆ వారం నాకు కుదురు లేదు. క్లాసులో సూది గుచ్చుకున్నా తెలియలేదు. స్టూడియోలో రోజుకు ఆరుకు బదులు ఏడు డిజైన్లు ఇచ్చాను, చేతులు ఆగితే బుర్ర మొదలెడుతుందని. రోజూ పొద్దున బాపు షిఫ్ట్‌కి వెళ్లేలోపు చెప్పేద్దామని లేవడం, ఆయన చెప్పులు వేసుకునేదాకా నీళ్లు నమలడం, ఆయన వెళ్లిపోయాక నన్ను నేను తిట్టుకోవడం.

శుక్రవారం బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కాలేజీ మెట్ల దగ్గర చెప్పులు విప్పబోతే అక్కర్లేదన్నాను. లోపల మా మేడమ్‌తో కలిపి ముగ్గురు మేడమ్‌లు, బల్ల మీద నా డ్రెస్సులు, పక్కనే ఆ చీర. బాపు నిలబడే మాట్లాడాడు. ముప్ఫై ఏళ్ల కార్ఖానా హిందీ, మధ్యమధ్య తెలుగు. మాటలు చాలకపోతే చేతులు ఎలాగూ ఉన్నాయి. చాయ్, నూలు, సేఠ్ పొట్ట, అన్నీ చేసి చూపించాడు. పొట్ట దగ్గర మేడమ్‌లు నవ్వారు. తర్వాత నాలుగు వేళ్లు నిలబెట్టి, బొటనవేలు పక్కకు చాచి, నా డ్రెస్సు పక్కన పెట్టాడు. చెయ్యీ బొమ్మా ఒక్కటే.

"ఈ చీర బొమ్మ వేసినవాడు మగ్గం మొహం చూసినవాడు కాదమ్మా. మా ఇళ్లలో పుట్టినవాళ్లెవరూ ఈ వేలు తియ్యరు. అది తీసేస్తే ఇంక చెప్పేదేమీ లేదు" అన్నాడు హిందీలో.

నాకు తల కొట్టేసినట్టయింది. మేడమ్ కలం తీసుకుంది, రాయబోతోంది. ఆ ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే అయిపోయేది, పూర్తి మార్కులు. కానీ ఆ మాట విన్నాక నోరు మూసుకోవడం నా వల్ల కాలేదు. వేలు తీసింది నేనే మేడమ్ అన్నాను. ఆరో డిజైన్‌కి టైము లేక నేనే ఇచ్చాను, మొగ్గ చెయ్యమంటే నేనే చేశాను, ఎవరూ దొంగిలించలేదు. అంతా చెప్పాను. ఇంగ్లీషులో చెప్పాను, ఒక్క హిందీ ముక్క దొర్లకుండా. బాపుకు ఇంగ్లీషు రాదు.

బాపు నా మొహం వైపు, మేడమ్‌ల మొహాల వైపు చూస్తూ, నేను బాగా వాదిస్తున్నాననుకుని తలూపుతున్నాడు. మేడమ్ ఆయన వైపొకసారి, నా వైపొకసారి చూసింది. ఇంగ్లీషులోనే అంది: "పాస్ చేస్తాను. ఆయన చెప్పిన ఆలోచన నీదే కాబట్టి. మార్కులు మాత్రం అంతంతే. ఏడాది చివరి షోలో ఈ కలెక్షన్ ఉండదు." తర్వాత బాపు వైపు తిరిగి హిందీలో, మీరు రావడం మంచిదైంది, మాకు అర్థమైంది అంది. బాపు చేతులు జోడించాడు.

బయటికొచ్చాక ఆయన నడకే మారిపోయింది. గేటు పక్కన బండి దగ్గర చాయ్ ఇప్పించాడు.

"నేను జెప్పినంక ఒప్పుకున్నరు గదా?"

"అవును బాపూ."

"నువ్వు గూడ మంచిగ మాట్లాడినవ్ బిడ్డా. ఇంగ్లీషు ఎట్ల గడగడ మాట్లాడినవో, నాకేం సమజ్ గాకున్నా చూడబుద్ధయింది." చాయ్ ఊదుకుంటూ ఒక గుక్క తాగాడు. "మరి నీ బట్టలు ఏసుకొని పిల్లలు నడుస్తరంటివి గదా, ఆ షో ఎప్పుడు? మీ అమ్మను గూడ తీస్కొస్త."

"ఇంకా తేదీ చెప్పలేదు" అన్నాను.

"చెప్పంగనే చెప్పు. షిఫ్ట్ మార్చుకోవాలె" అన్నాడు.