తలుపు మూసిన శనివారాలు

1950లో నేను సికింద్రాబాదులో బాలికల పాఠశాలల అసిస్టెంట్ ఇన్‌స్పెక్ట్రెస్‌గా ఉన్నాను. పోలీసు యాక్షన్ జరిగి రెండేళ్ళు కావస్తోంది. బడులకు వెళ్ళి పాఠం చెప్పే తీరు చూడడం, హాజరు పట్టీ సరిచూడడం, లెసన్ నోట్స్ తిరగేయడం నా పని. రేపు చెప్పబోయే పాఠానికి టీచరు ముందే రాసుకునే కాగితాన్ని లెసన్ నోట్స్ అనేవాళ్ళం. చివర రిపోర్టు రాయాలి. ఆ రిపోర్టును బట్టే బడికి గుర్తింపు ఉండడమో పోవడమో జరిగేది.

అనుమానం అందరి ఇళ్ళలోనూ కాపురముండే రోజులవి. యాక్షన్‌కు ముందు ఎవరు ఎవరి పక్షమన్నది కూరగాయల దుకాణం దగ్గర కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. జిల్లాల్లో కమ్యూనిస్టుల కోసం గాలింపు సాగుతోంది. ఒక్క మాట మీద ఉద్యోగాలు పోయిన టీచర్లు నాకు తెలుసు. నేను గుంటూరు వైపునుంచి వచ్చిన చర్చి సంఘ కాపరి కూతుర్ని. ఎదుటివాళ్ళు అబద్ధమాడితే ఇట్టే పసిగడతానని నా నమ్మకం. అది దేవుడిచ్చిన వరమని చాలాకాలం అనుకున్నాను.

ఆ వర్షాకాలంలో ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. తిరుమలగిరి దగ్గర ఒక బాలికల మిడిల్ స్కూల్లో ప్రతి శనివారం పిల్లలు వెళ్ళాక టీచర్లు తలుపులు మూసుకుని సమావేశమవుతున్నారట. నడిపించేది చైనా నుంచి వచ్చిన ఒకామె. ఆమె దగ్గర చైనా అక్షరాల పుస్తకం ఉందట. పిల్లల తండ్రులు ఏం చేస్తారో కూడా అందులో రాసుకుంటున్నారట. చైనాలో అప్పటికే కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చేసింది. ఇంతకన్నా ఏం కావాలి?

ముందుగా కబురు చేయకుండా శనివారం మధ్యాహ్నం వెళ్ళాను. గేటు దగ్గర ఆయా అడ్డం నిలబడింది.

"లోపట టీచరమ్మలు మాట్లాడుకుంటున్నరమ్మా. ఎవ్వర్నీ రానియ్యొద్దన్నరు."

"నేనెవరో తెలుసా?"

"తెల్వకేంది? అందరికన్న ముందు మిమ్మల్నే రానియ్యొద్దన్నరు."

నేను తలుపు తోసుకుని వెళ్ళేసరికి నలుగురు టీచర్లు ఒక్కసారిగా నోటుపుస్తకాలు మూసేశారు. లెక్కల టీచరు ఖైరున్నీసా ముఖం పాలిపోయింది. తెల్లచీర కట్టుకున్న ఒకామె మాత్రం లేచి, "వందనాలమ్మా" అంది. ఆమే సుగుణ టీచరు. మా ప్రొటెస్టెంటు సంఘం మనిషే. భర్త షాంఘైలో ఒక కంపెనీలో గుమాస్తాగా ఉండగా తొమ్మిదేళ్ళు అక్కడి మిషను బడిలో పనిచేసింది. ఆయన పోయాక కూతుర్ని తీసుకుని తిరిగి వచ్చింది. ఈ ఉద్యోగమే వాళ్ళ ఆధారం.

పుస్తకం ఇమ్మన్నాను. ఇచ్చింది. సగం చైనా అక్షరాలు, మిగతా సగం తెలుగు. తెలుగు పేజీల్లో ఆరో తరగతి పిల్లల పేర్లు, పక్కన సున్నాలు, అడ్డగీతలు. ఒక పేరుకెదురుగా ‘తండ్రి జైల్లో’ అని, ఇంకో పేరుకెదురుగా ‘ఉర్దూలో వచ్చు, తెలుగులో రాదు’ అని ఉంది.

"ఏమిటివి?"

"ఒకరు పాఠం చెప్తుంటే మిగిలినోళ్ళం ఎనక కూసోని పిల్లలను చూస్తమమ్మా. ఎవరికి ఎక్కడ తప్పిపోతుందో రాసుకుంటం. నిన్నటిదాంక ఈ ఖైరున్నీసా లెక్కలు ఉర్దూల చెప్పింది. ఇప్పుడు తెలుగుల చెప్పమన్నరు. ఒక్కతి ఎట్ల చెప్తది? షాంఘైల నేను పనిచేసిన బడిల ఇది రివాజు. ఆ చైనా అక్షరాలు అప్పుడు రాసుకున్నయే."

"పాఠాలు చూడ్డానికి మేమున్నాం కదా. తలుపెందుకు మూశారు?"

"తెరిస్తే తప్పులు ఎవరూ చెప్పుకోరమ్మా."

ఆ జవాబు నాకు మరీ తెలివైనదిగా తోచింది. పుస్తకం తీసుకుని వచ్చేశాను. సోమవారం పొద్దున నా పై అధికారికి చిన్న నోట్ పంపాను. అందులో ‘సమావేశాలు అనుమానాస్పదం, విచారణ సాగుతున్నది’ అని రాశాను. రాసేముందు ప్రార్థన కూడా చేశాను. అయితే ఆ ప్రార్థనలో నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు. నా అభిప్రాయం ఆయనకు తెలియజేశానంతే.

చైనా అక్షరాలు చదివేవాళ్ళు ఎవరున్నారు? సికింద్రాబాదు బజారులో ఒక చైనా పళ్ళ డాక్టరు ఉన్నాడు. కలకత్తాలో పుట్టి ఇక్కడ స్థిరపడినవాడు. నన్ను చూడగానే కుర్చీ దులిపాడు.

"కూసోండమ్మా. ఏ పన్ను?"

"పన్ను కాదు, ఇది చదవాలి."

కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. వేలు కిందికి జరుపుతూ మెల్లగా చెప్పాడు. "‘ఏడో నంబరు పిల్ల. తెల్లారకముందు నీళ్ళు మోస్తది. లెక్కల్ల నిద్రపోతది. లెక్కలు రెండో గంటకు మార్చినం.’ ఇగో, ఇంకోటి. ‘ఇరవై నంబరు. నాయిన లేడు. దూరంకెల్లి పిలిస్తే భయపడతది. పక్కకు పోయి అడగాలె.’ గిట్లనే ఉందమ్మా పుస్తకమంత."

"చివరి పేజీ?"

"‘ఒక్క టీచరే ఉన్న క్లాసుల పిల్లలు ఎనకవడ్డరు. పుస్తకాలు తక్కువై కాదు. టీచర్‌కు అడిగెతందుకు ఎవరు లేరు. ఇంకో టీచర్‌ను తోడు ఇచ్చినం. నాలుగు నెలలకు పిల్లలు తేరుకున్నరు. టీచర్ సుత.’" అద్దాలు తీశాడు. "ఇందుల పరేషాన్ గావాల్సింది ఏముందమ్మా?"

బయటికి వచ్చాక నాకు తోచిన మొదటి ఆలోచన ఇది: ఈయన కూడా చైనావాడే కదా, ఉన్నది ఉన్నట్టు చదివాడని నమ్మకమేమిటి?

ఇక కళ్ళారా చూడాల్సిందే అనుకున్నాను. మర్నాడు బడికి వెళ్ళి, వచ్చే శనివారం నేను కూడా కూర్చుంటానన్నాను. సుగుణ టీచరు అడ్డు చెప్పలేదు.

"కూసోవచ్చమ్మా. కానీ చూసేటోళ్ళు ఒకసారన్న పాఠం చెప్పాలె. అది మా కట్టుబాటు. మీరు చెప్తే మేము రాసుకుంటం."

నేను క్లాసులో పాఠం చెప్పి పదకొండేళ్ళు. వద్దంటే భయపడ్డానంటారు. సరేనన్నాను.

శనివారం చివరి గంట ఆరో తరగతికి భిన్నాలు చెప్పాను. రొట్టె బొమ్మ గీసి ముక్కలు చేశాను. పిల్లలు నవ్వారు, చేతులెత్తారు. చాలా బాగా చెప్పాననుకున్నాను. పిల్లలు వెళ్ళాక తలుపు మూశారు. ఒక్కొక్కరే చదవసాగారు. బోర్డు మీద రాత చిన్నదట. కిటికీ పక్క వరసను నేను ఒక్కసారి కూడా అడగలేదట. చివరికి ఖైరున్నీసా వంతు వచ్చింది. ఆమె పుస్తకం తెరిచి, నన్ను చూసి మళ్ళీ మూసింది.

"చదువు, ఏం కాదు," అంది సుగుణ టీచరు.

"అమ్మగారు ముందు బెంచి పిల్లలను ‘అర్థమైందా’ అని అడిగిన్రు. ఎనక బెంచిల ముగ్గురిని ‘నువ్వే చేసినవా, చూసి రాసినవా’ అని అడిగిన్రు. ముగ్గురు సుత సరిగ్గనే చేసిన్రు. తర్వాత ఆ ముగ్గురు మళ్ళ చెయ్యెత్తలె."

గదిలో ఎవరూ నావైపు చూడలేదు. ఆ ముగ్గురిలో ఒకరు తండ్రి జైల్లో ఉన్న పిల్ల. ఆ సంగతి నాకు ఈ పుస్తకం వల్లనే తెలిసింది. టీచర్లు ఆ పిల్లకు పాఠం ఎలా చెప్పాలో తేల్చుకోవడానికి ఆ మాట రాసుకున్నారు. నేను దాన్నే పట్టుకుని ఆమెను దొంగగా చూశాను. ఆ పనేదో తెలిసి చేశానని కూడా చెప్పలేను. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

సోమవారం రెండో రిపోర్టు పట్టుకుని పై అధికారి దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు.

"ఏందమ్మా ఇది? పోయిన వారం గిట్ల రాసిన్రు, ఇప్పుడు గట్ల రాస్తున్నరు. ఆమెను బర్తరఫ్ చేసెతందుకు కాయితం టైపు గూడ అయింది. రెండిట్ల ఏది నిజం?"

"రెండోదండి. మొదటిది చూడకుండా రాశాను."

"ఆ మాట రాసి దస్కతు పెడ్తరా? మీ సర్వీసు పుస్తకంల ఎక్కుతది."

పెట్టాను. సుగుణ టీచరు ఉద్యోగం నిలిచింది. కానీ ఆ ఉత్తరం రేపిన అనుమానం పై అధికారికి పోలేదు. ఇకమీదట ఆ సమావేశాలు ఇన్‌స్పెక్ట్రెస్ ఎదుటే జరగాలని ఆర్డరు వేశారు. తరవాతి మూడు శనివారాలు వెళ్ళి కూర్చున్నాను. పాఠం బాగుంది, బోర్డు పని బాగుంది, పిల్లలు చురుగ్గా ఉన్నారు: అంతకుమించి ఎవరి నోటా ఒక్క మాట రాలేదు. ఖైరున్నీసా అయితే నోటుపుస్తకమే తేలేదు.

"నా మీద ఇంకా కోపమా?" అని అడిగాను సుగుణ టీచరును.

"కోపం లేదమ్మా. మీరు మంచోళ్ళే. కానీ మీ చేతుల రిపోర్టుంది కదా."

నాలుగో శనివారం నుంచి నేను ఆ గదిలోకి వెళ్ళలేదు. రిజిస్టరులో హాజరైనట్టు సంతకం పెట్టి, ఆయాతో కబుర్లు చెబుతూ గేటు దగ్గర కూర్చునేదాన్ని. నా సర్వీసులో తెలిసి చేసిన తప్పుడు సంతకాలు అవే. దేవుని ముందు వాటిని ఒప్పుకున్నాను. మానుకుంటానని మాత్రం మాటివ్వలేదు. ఏడాది చివర ఖైరున్నీసా తెలుగులో చెప్పిన లెక్కల పాఠం చూసినప్పుడు, వెనక బెంచీలోంచి మూడు చేతులూ లేచాయి.

ఆ ఉత్తరం రాసినదెవరో ఇప్పటికీ తెలియదు. ఆ నలుగురి లెసన్ నోట్స్ తెచ్చుకుని చేతిరాత పోల్చి చూసిన మాట కూడా నిజమే. అనుమానం అంత తొందరగా వదలదు, అందులోనూ అదే వృత్తి అయినవాళ్ళను. దాన్ని అదుపులో పెట్టే దారి ఒకటే దొరికింది నాకు. పదవీ విరమణ దాకా ఏ బడికి వెళ్ళినా మొదటి గంట నేనే పాఠం చెప్పి, టీచర్లను వెనక కూర్చోబెట్టి, నా తప్పులు చెప్పమనేదాన్ని. చాలా బడుల్లో మొహమాటానికి మెచ్చుకునేవారు. ఎక్కడో ఒక బడిలో ఎవరో ఒకరు గొంతు సవరించుకుని, "ఒకటి చెప్పొచ్చా అమ్మా" అనేవారు. ఆ బడిలో ఇక నేను వెతకవలసింది పెద్దగా ఉండేది కాదు.