గేట్‌వే దాటిన వెక్కిరింత

ఎనభైల చివర్లో తిరుపతిలో ఒక కాలేజీ కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసేదాన్ని. పెద్ద కంప్యూటర్ అవతలి భవనంలో ఉండేది, చిన్నవి మా గదిలో. ఒకదాని పద్ధతి ఇంకొకదానికి తెలియదు. వైరు కలిపినా మాట కలవదు. అందుకని రెండు పద్ధతులూ తెలిసిన, యూనిక్స్‌తో నడిచే మరో మెషీన్‌ను మధ్యలో పెట్టి, ఇటు నుంచి వచ్చినదాన్ని అటు అర్థమయ్యేట్టు మార్చి పంపే పని మా సారు నాకు అప్పగించారు. దాన్ని గేట్‌వే అనేవాళ్లం.

సారుది పూతలపట్టు పక్కన పల్లె. ఎంత చదివినా ఆయన మాట మారలేదు. "భయపడొద్దు సూడమ్మా, రెండు పక్కలా తెలిసినోడు మధ్యన కూర్చుంటే పనైపోతాది" అని ఆయనంటేనే నాకు ధైర్యం వచ్చింది. నగరి ఊళ్లో మా ఇంట్లోనూ అదే యాస. చదువుకునేటప్పుడు హాస్టల్లో అందరూ నా యాసకు నవ్వారని నేనే రేడియో వార్తల భాష నేర్చుకున్నాను.

పెద్ద కంప్యూటర్ దగ్గర నా స్నేహితురాలు పనిచేసేది. గేట్‌వేను పరీక్షించడానికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపుకునేవాళ్లం. ఒకసారి సారు యాసను వెక్కిరిస్తూ టైపు కొట్టాను: "యాడ పోయిందప్పా నా డేటా? ఈడ లేదు, ఆడ లేదు. మా ఊరి ఎద్దులబండిలో ఉండాదేమో సూడు!" కింద "మన సారు పాఠం" అని తగిలించాను. అది చేరలేదు. అప్పుడే కాలువ తవ్వేవాళ్లు రెండు భవనాల మధ్య కేబుల్ తెంపేశారు. చేరనివాటిని యూనిక్స్ మెషీన్ తన డిస్కులో దాచి, దారి తెరుచుకోగానే వరసగా పంపుతుంది. ఆ ఏర్పాటు చేసింది నేనే. చెరిపేయాలన్న సంగతే మరిచాను.

కేబుల్ అతికించిన రోజే మా గేట్‌వేను చూడడానికి మద్రాసు నుంచి పెద్ద అధికారులు వచ్చారు. నేను మా గదిలో "స్వాగతం" అని కొట్టి, అవతలి భవనానికి పరుగెత్తాను. అక్కడ ప్రింటర్ మొదట ఆ పాత వెక్కిరింతనే అచ్చేసింది. సారు కాగితం చించి ఉత్సాహంగా పైకి చదవసాగారు. ఎద్దులబండి దగ్గర గొంతు తగ్గింది. చివరి వరుస పైకి చదవలేదు. వచ్చినవాళ్లలో ఎవరో నవ్వారు.

"వచ్చిండాది గదా. పంజేస్తా ఉండాది," అని ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

మరునాడు ఆయన గదికి వెళ్లాను. "సార్, అది నేనే రాశాను. తప్పయిపోయింది."

"పర్వాలేదండి. మీరు పని బాగా చేశారు," అన్నారు.

నన్ను ఆయన అండి అనడం అదే మొదలు. అటెండరుతో "యాడ పోయినావప్పా" అంటూ నవ్వుతున్న మనిషి, నేను గుమ్మంలోకి రాగానే "రండి, కూర్చోండి" అనేవారు. ఒక్కో మాట ఏరి, పుస్తకంలోంచి తీసినట్టు మాట్లాడేవారు. తడబడి మధ్యలో ఆగేవారు. నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

కొన్ని నెలల తర్వాత, కావాలనే మా ఇంటి యాసలో అన్నాను: "సార్, ఈ నెట్‌వర్క్ కార్డు ఈడ పంజేయలేదు."

ఆయన తలెత్తి, మళ్లీ వెక్కిరిస్తున్నానేమో అన్నట్టు నా ముఖంలోకి చూశారు.

"అక్కడ పెట్టి చూడండి," అన్నారు.