సగం బానెట్

కొత్త కారు కొన్న నెలకే బానెట్ మీద తెల్లటి చుక్కలు కనిపించాయి. చీపురుపల్లి నుంచి భావనపాడులోని మా అత్తవారింటికి వెళ్లే దారంతా కంకర లారీలే. వాటి చక్రాల కింది రాళ్లు ఎగిరి వచ్చి తగులుతున్నాయి. షాపులో ఆ చుక్కలకు రంగు వేయించి, రాళ్లు తగిలినా రంగు పోకుండా కాపాడే, కంటికి కనిపించని ప్లాస్టిక్ ఫిల్మ్ పైన అంటించమన్నాను. అది నిజంగా పనిచేస్తుందో లేదో చూడాలనిపించి డ్రైవర్ వైపు సగానికే వేయించాను.

చేపల వ్యాపారం చేసే మా మామగారు ఫిల్మ్ అంచు తడిమి చూసి నవ్వారు. "ఏటి అల్లుడూ, సగానికే సొక్కా ఏసినావు?"

వానాకాలం వెళ్లాక నేనూ నా భార్యా కారు కడిగి చూశాం. ఫిల్మ్ లేని వైపు రాళ్లు తగిలి మళ్లీ రంగు లేచిపోయి, సముద్రపు ఉప్పుగాలికి ఆ చోట్లు తుప్పు పట్టాయి. రెండో వైపు రంగు చెక్కుచెదరలేదు. ఫిల్మ్ మీద మాత్రం సన్నటి గీతలున్నాయి. వేడినీళ్లు పోస్తే అవి పోతాయని షాపువాళ్లు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఇప్పుడు చెంబుతో పోశాను. చూస్తుండగానే గీతలు మాయమయ్యాయి.

"ఏటండీ ఇది, మనిసి తోలులాగ మానిపోతన్నాది!" అంది నా భార్య.

మిగతా సగానికీ వేయిద్దామన్నాను. ఆ మాట ఆవిడ చెవిన పడలేదు. గోటితో ఫిల్మ్ మీద మెల్లగా ఇంకో గీత గీసి, "మళ్లీ పొయ్యండి, సూద్దాం" అంది.