తన ఇంటిపైనే అప్పీలు చేసిన మా బాబా

మా బాబా ఇబ్రహీం గారు కీర్తిశేషులయ్యారు. ఈ మాట రాస్తుంటే నాకే అబద్ధంలా ఉంది. ఆ రోజు తెల్లవారి నమాజు చేసుకుని, "మరియా, టీ" అని అడిగారు. నేను తెచ్చేసరికి కుర్చీలో తల వాల్చి ఉన్నారు. నిద్రపట్టిందనుకుని గ్లాసు మీద మూత పెట్టి వచ్చాను. కాసేపటికి ఆయన ఇల్లాలు మామా కేక వినబడింది. పొద్దు వాలే అసరు నమాజు వేళకల్లా ఆయన్ను ఖననం చేసి వచ్చారు. ఈ అరబ్బు దేశంలో పద్ధతి అది. ఏడవడానికి కూడా వ్యవధి ఇవ్వదు.

ఆయన బలదియాలో, అంటే మన మునిసిపాలిటీలాంటి ఆఫీసులో, ఇళ్ళ నిబంధనలు చూసే పెద్ద ప్రభుత్వ వకీలు. మేడ ఎంత ఎత్తు లేవాలి, ఒక గదిలో ఎంతమంది కూలీలను పడుకోబెట్టవచ్చు, మెట్లు ఎక్కడుండాలి, ఇవన్నీ ఆయన చూసేవారు. తప్పు చేసిన యజమానులపై ప్రభుత్వం తరఫున వాదించేవారు. నేను ఆ ఇంట వంటమనిషిని, మా ఆయన ఏసుపాదం డ్రైవరు. ఇక్కడ ఇళ్ళలో పనిచేసేవాళ్ళం యజమానిని బాబా అనీ, ఆయన ఇల్లాలిని మామా అనీ పిలుస్తాము. వాళ్ళ మాటలు అరబ్బీవి. నాకు పట్టుబడినంతవరకు మన మాటల్లో రాస్తున్నాను.

నేను వచ్చిన మొదటి రోజు వంట వచ్చా అని ఆయన అడగలేదు. వంటింటి కిటికీ తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచి నా ముఖంలోకి చూశారు. "ఈయన కిటికీలు అమ్ముతాడు కాబోలండీ" అన్నాను మా ఆయనతో. "నోర్మూసుకోవే, వకీలు గారు! పొగ బయటికి పోతోందా అని అడుగుతున్నారు" అన్నాడు. "గాలి ముందు, వాదన తరువాత" అన్నది బాబా నోట నిత్యం పలికే మాట.

ఆయన్ను విందుకు పిలవాలంటే బంధువులు వణికేవారు. అంగీ జేబులో కొలత టేపు ఎప్పుడూ ఉండేది. మామా తమ్ముడు కొత్త విల్లా కట్టి విందు చేస్తే, ఈయన పళ్ళెం ముందు కూర్చోకుండా మెట్లు కొలుస్తూ పైకి పోయారు. అన్నం మీద వేటమాంసం చల్లారిపోయింది. తిరిగి వస్తూ కారులో మామా అంది, "ఇకమీదట నేనొక్కదాన్నే వస్తాను. మీ బదులు ఆఫీసు నుంచి ఒక ఇన్‌స్పెక్టర్‌ను పంపండి, వాడైనా తింటాడు."

షరఫియా పేటలో దర్జీ కొట్టు మీద గదులు అద్దెకిచ్చే ఒక ఆసామి ఉండేవాడు. మనవాళ్ళు, కేరళవాళ్ళు, బంగ్లావాళ్ళు అందులో సర్దుకుని పడుకునేవారు. బాబా తనిఖీకి వస్తున్నారని తెలిసి అతడు ప్రతి గదిలోనూ పూల తెరలు కట్టించాడు. మా ఆయన బాబా వెంటే ఉన్నాడు. బాబా తెర పక్కకు లాగితే వెనక గోడ! ఆసామి ముఖం సున్నం కొట్టినట్టయింది. బాబా మాత్రం గొంతు పెంచలేదు. "తెర చాలా బాగుంది. ఇప్పుడు దీని వెనక కిటికీ పెట్టించండి" అన్నారు. పెట్టించేదాకా వదల్లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఊళ్ళో అందరి మేడలూ ఎక్కిన ఈ మనిషి తన మేడ మాత్రం ఎక్కలేదు. ఇక్కడ మేడ మీద ఆడవాళ్ళు బట్టలారేసుకుంటారు, మగవాళ్ళు అటు పోరు. ఆ పైన నీళ్ళ ట్యాంకుల పక్కన మామా మాకొక గది కట్టించింది, అనుమతి లేకుండా. గేటు దగ్గరి డ్రైవరు గదిలో మేముంటున్నామని బాబా నమ్మకం. నిజానికి ఆ డ్రైవరు గది నిండా మామా పాత సోఫాలుండేవి. పెళ్ళయిన దగ్గర్నుంచి మా ఆయన ఈ దేశంలోనే అవతలి కొసన దమ్మాంలో, నేను మా ఊళ్ళో. ఇద్దరం ఒక కప్పు కింద ఉన్నది ఆ గదికి వచ్చాకే. అందుకే మేమూ నోరు మెదపలేదు.

పక్కింటి ఆసామి కిటికీ మీద ఫిర్యాదు చేశాడు. మా గది కిటికీలోంచి వాళ్ళ పెరడు కనబడుతోందట, వాళ్ళ ఆడవాళ్ళు బయటికి రాలేకపోతున్నారట. ఆ కాగితం తిన్నగా బాబా బల్ల మీదికే వచ్చింది. ఆయన ఇంటికి వచ్చి, ఆడవాళ్ళు తప్పుకోవాలని మెట్ల మీద గట్టిగా దగ్గుతూ పైకెక్కారు. నేను ఉల్లిపాయలు కోస్తున్నాను. కళ్ళ నీళ్ళు దేనివల్లో ఆయనకు తెలియలేదు.

"ఎప్పటి నుంచి ఉంటున్నారిక్కడ?"

"వచ్చిన దగ్గర్నుంచీ బాబా."

టేపు తీసి కొలిచారు. కిటికీ ఉంచితే పక్కింటివాళ్ళకు అన్యాయం, మూస్తే మాకు గాలి లేదు. నిబంధన రెండు వైపులా తప్పింది. ఆయన అక్కడే మెట్టు మీద కూలబడిపోయారు.

ఇంట్లో యుద్ధం మొదలైంది. "ఇల్లెవరి పేరున ఉంది?" అంది మామా. "నీ పేరునే. అందుకే నోటీసు నీకే వస్తుంది." "గది పోతే వంటమనిషీ పోతుంది. అప్పుడా నోటీసే ఉడకబెట్టుకు తినండి!"

సొంత ఇంటి సంగతి తాను తేల్చకూడదని ఫైలు వేరే కుర్ర వకీలుకు అప్పగించారు. ఆ అబ్బాయి వచ్చి, నా చేతి చేపల వేపుడు తిని, మేడ ఎక్కి, ట్యాంకులు చూశాడు, ఆకాశం చూశాడు, "ఇక్కడ గదేదీ లేదే" అని రాసుకుపోయాడు. నేను ఆ గది గుమ్మంలోనే నిలబడి ఉన్నాను! మామా మిఠాయిలు పంచింది. మర్నాడు బాబా ఆ నిర్ణయం మీద అప్పీలు వేశారు. తన ఇంటికి వ్యతిరేకంగా తానే వాదించి తానే గెలిచారు. గెలిచి వచ్చిన రోజు మామా కాఫీ ఇవ్వలేదు.

గది పడగొట్టే రోజు వచ్చింది. మా ఆయన మూట కట్టుకున్నాడు. "నేను మా ఊరి కుర్రాళ్ళ గదిలో తల దాచుకుంటాలే. నువ్వు వంటింటి పక్కన పడుకో. శుక్రవారం శుక్రవారం కనబడతాను" అన్నాడు. "అదేంటండీ, మళ్ళీ దమ్మాం చేశారు!" అన్నాను, ఏడుపూ నవ్వూ కలిసిపోయి.

అంతలో బాబా కింద నుంచి కేకేశారు. వెళ్ళి చూస్తే మజ్లిస్‌లో తివాచీలు తనే చుడుతున్నారు. మజ్లిస్ అంటే మగ అతిథులు కూర్చునే గది. ఇంటి పరువంతా అందులోనే ఉంటుంది. ఆ మాట తెలిసే మామా గుమ్మంలో గుండె మీద చెయ్యి వేసుకుంది.

"కొలిచాను. రెండు కిటికీలు, స్నానాలగది, వీధిలోకి సొంత తలుపు. ఇద్దరికి సరిపోతుంది" అన్నారు.

"మీ పెద్దమనుషులు ఎక్కడ కూర్చుంటారు?"

"కారు షెడ్డులో. దానికి మూడు వైపులా గాలే."

అప్పటి నుంచి పెద్ద పెద్ద అధికారులు మా షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగారు. మా ఆయన బనియన్లు వాళ్ళ తలల మీదే ఆరేవి. కారు వీధిలో నిలిపినందుకు జరిమానా పడితే బాబా ఎదురుచెప్పకుండా కట్టి, "న్యాయమే" అనేవారు.

ఆయన పోయిన మధ్యాహ్నం పరామర్శకు మగవాళ్ళు రావడం మొదలైంది. చావు రోజైనా మజ్లిస్ లేకపోతే ఎలా అని మేమిద్దరం మంచం విప్పి, గిన్నెలు బయట పెడుతున్నాము. ఇక ఈ ఇంట్లో మాకు చోటు ఉంటుందో లేదో అనే గుబులు లోపల ఉంది. మామా నల్లబట్టల్లో వచ్చి తలుపు వెనకే నిలబడింది.

"ఖాళీ చెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మామా."

"నోటీసు వచ్చిందా?"

"లేదు."

"నోటీసు లేకుండా ఎవరినైనా కదిపితే ఆయన ఊరుకునేవారా? మంచం బిగించుకో. వచ్చినవాళ్ళు ఆయన కూర్చున్న చోటే కూర్చుంటారు."

షెడ్డు చాలలేదు. ఫిర్యాదు చేసిన పక్కింటి ఆసామే తన పెరడు తలుపు తెరిచి కుర్చీలు వేయించాడు.

ఈ నగరంలో మేడలు ఇంకా లేస్తూనే ఉంటాయి. వాటిలో పడుకునే బీదవాడి కోసం పెద్దల విందు చల్లార్చగల మనిషి మళ్ళీ పుట్టడం కష్టం. సాయంత్రం కాఫీ గిన్నెలు కడిగాక, ఆయన మాకిచ్చిన గదిలో తలుపు వేసుకుని, మా క్రైస్తవ పద్ధతిలో, ఇక్కడ బయటికి వినబడకూడదు గనుక గొంతు తగ్గించి, ఆయన పేరు చెప్పి ప్రార్థన చేశాము. చివర్లో ఏసుపాదం తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. ఆమెన్ నేనే చెప్పాను.