గడియ పడిన అద్దాల తలుపు

కెనడాలోని మిస్సిసాగాలో చదువుకునే రోజుల్లో నలుగురు తెలుగమ్మాయిలం ఎనిమిదో అంతస్తులో ఒక ఫ్లాట్ పంచుకునేవాళ్లం. డ్రయ్యర్‌లో వేస్తే కాటన్ బట్టలు కురచవుతాయని, ఒక జనవరి మధ్యాహ్నం స్వెటర్ కూడా వేసుకోకుండా బాల్కనీలోకి వెళ్లి చున్నీ ఆరేస్తున్నాను. చలిగాలి వస్తోందని రూమ్మేట్ లావణ్య, నన్ను చూడకుండానే అద్దాల తలుపుకు లోపల గడియ పెట్టేసింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయింది. నా ఫోన్ లోపలే ఉంది.

తలుపు బాదాను, అరిచాను. వేళ్లు మొద్దుబారిపోయాయి. గడ్డకట్టి అట్టలా బిగుసుకున్న చున్నీని ఊపితే, కింద నడిచి వెళ్తున్న ఒకాయన నవ్వుతూ నాకు చెయ్యి ఊపి మరీ వెళ్లిపోయాడు. ఎదురు బిల్డింగ్‌లో ఒకావిడ మాత్రం కోపంగా చూసి ఫోన్ తీసింది.

నేను కూలబడిపోయాక బిల్డింగ్ మేనేజర్ వచ్చి తలుపు తీశాడు. బిల్డింగ్ రూల్స్‌కి విరుద్ధంగా బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నారని కంప్లయింట్ వచ్చిందంటూ ఇంగ్లీషులో మందలించాడు. వెనకాలే లావణ్య.

“అక్కడేం చేస్తున్నావే? పిలవొచ్చుగా!”

“గొంతు పోయేలా పిలిచానే!”

ఆమె “సారీ” అనలేదు. నేనూ మర్చిపోలేదు. ప్రతిదానికీ ఫిర్యాదేనా అని నన్ను విసుక్కునేవాళ్లకు మాత్రం ఒకటే చెబుతాను. ఆ రోజు నన్ను బతికించింది ఒక ఫిర్యాదే.