పిజ్జా పొయ్యి పక్కన కుర్చీ

పొయ్యక్క పనిచేసే చోట కుర్చీలకి కరువు లేదు. థీమ్ పార్కు నడిమధ్యలో కోట ఆకారంలో కట్టిన రెస్టారెంటు అది. హాలు నిండా సింహాసనాల్లాంటి కుర్చీలు, పిల్లలకి పుట్టగొడుగుల్లాంటి స్టూళ్ళు, గోడ వారగా మెత్తటి బెంచీలు. గిరగిరా తిరిగే చక్రాలెక్కి, నీళ్ళలోకి జారే బల్లలెక్కి అలిసిపోయినవాళ్ళు వచ్చి ఎక్కడ పడితే అక్కడ కూలబడతారు. కూర్చోవడానికి ఏమీ లేని చోటు ఒక్కటే ఉంది. గాజు గోడకి అవతల, పిజ్జా పొయ్యి దగ్గర.

ఒకప్పుడు అక్కడ ఖాళీ నూనె డబ్బా ఒకటి ఉండేది. రద్దీ తగ్గినప్పుడు పొయ్యక్క దాన్ని బోర్లించి, దానిమీద కూర్చుని కాసేపు కాళ్ళు చాపుకునేది. ఒకరోజు పెద్ద ఆఫీసు నుంచి ఎవరో తనిఖీకి వచ్చారు. గాజులోంచి చూశారు. "వంట జరుగుతుంటే జనం చూడాలనే కదా ఈ గాజు పెట్టించింది. ఇక్కడ మనిషి కూర్చుంటే బద్ధకంగా కనిపిస్తుంది" అని డబ్బా తీయించేశారు. పొయ్యక్క "అలాగే సార్" అంది. అంతే. ఆ తర్వాత ఏళ్ళకి ఏళ్ళు ఆమె ఉద్యోగం నిలబడి ఉండటమే. పిజ్జాలు కాల్చడం ఆ నిలబడటంలో ఒక భాగం. ఇది అన్యాయమని ఆమె పల్లెత్తు మాట అనలేదు. అనుకోవడానికి తీరిక దొరికితే కదా. ఒకటి తీసేలోపు ఇంకొకటి లోపలికి వెళ్ళాలి.

పొయ్యక్క అన్నది తోటి పనివాళ్ళు పెట్టిన పేరు. ఇంట్లో ఆమె కోడలు, భార్య, అమ్మ. లాండ్రీ షాపు మీద రెండు గదుల ఇల్లు. కింద ఇస్త్రీ పెట్టెల ఆవిరి, పైన అత్తగారి మాటల వేడి. అత్తగారు ఒకప్పుడు నూలు మిల్లులో తెగిన పోగులు ముడివేసే పని చేసి, మోకాళ్ళు అరిగిపోయాక మానేసిన మనిషి. ఆవిడ నోటికి జడిసి లాండ్రీవాడు బట్టలు ఒకరోజు ముందే ఇచ్చేస్తాడని ఆ వీధిలో చెప్పుకుంటారు. అయినా కోడలు ఇంటికి వచ్చే వేళకి బకెట్టులో వేడినీళ్ళు పెట్టి ఉంచేది ఆవిడే. కోడలు అందులో కాళ్ళు పెట్టుకుంటే ఎదురుగా కూర్చుని దెప్పేదీ ఆవిడే.

"ఊరందరికీ రొట్టెలు కాల్చి పెడతావు. ఇంట్లోవాళ్ళకి జుట్టు నిండా వాసన మాత్రం మోసుకొస్తావు."

"వాసనకి బిల్లు వేయరు కదా అత్తయ్యా, అందుకే తెస్తున్నా."

పొయ్యక్క ఇంట్లో కూడా నిలబడే తినేది. కంచం చేత్తో పట్టుకుని, గట్టుకి ఆనుకుని, ఒకసారి ఈ కాలి మీద, ఒకసారి ఆ కాలి మీద బరువు వేస్తూ.

"కూర్చుని తినవే. కుర్చీకీ నీకూ ఏమన్నా పాత పగలున్నాయా?" అనేది అత్తగారు.

"అలవాటు తప్పింది అత్తయ్యా. కూర్చుంటే ముద్ద దిగట్లేదు."

పొయ్యక్క భర్తకి చెప్పుల రిపేరు కొట్టు ఉంది. భార్య చెప్పులకి ఎన్నిసార్లు అట్టలు మార్చాడో అతనికే తెలియదు. ఒకసారి వాటిని తిరగేసి తల్లికి చూపించాడు. "నడిచేవాళ్ళ చెప్పులు వేళ్ళ దగ్గర అరుగుతాయమ్మా. దీనివి చూడు, మడమ దగ్గర గుంటలు పడ్డాయి. ఇది పనికి వెళ్ళి నడవట్లేదు, స్తంభంలా పాతుకుపోయి ఉంటోంది." నవ్విద్దామని అన్నాడు గానీ ఎవరూ నవ్వలేదు.

ఆ ఇంట్లో ఎప్పటికీ తెగని వాదన ఒకటుంది. అక్కడి పిజ్జా ఆ ధరకి తగిందా, కాదా అని.

"ఆ ఒక్క పిజ్జా డబ్బుతో మన ఇంట్లో వారం గడుస్తుంది. పిండి, టమాటా, చీజు. అంతేగా. మధ్యలో బంగారం రేకు పరుస్తారా ఏంటి?" అనేవాడు భర్త.

"అది పిజ్జాకి కాదు నాన్నా, అక్కడ కూర్చున్నందుకు" అనేది కూతురు. కాలేజీలో చేరింది, దేనికైనా సమాధానం ఉంటుంది.

"అయితే లేచేటప్పుడు కుర్చీ కట్టి ఇస్తారా?"

అందరూ పొయ్యక్క వైపు చూసేవారు. ఏళ్ళుగా కాలుస్తున్న పిజ్జా ఆమె ఒక్క ముక్క తిన్నది లేదు. పనివాళ్ళు రుచి చూడకూడదని రూలు. మిగిలినవి చెత్తలో పోసి, ఎవరూ తీసుకోకుండా పైన సబ్బునీళ్ళు కుమ్మరిస్తారు. "వాసన బాగుంటుంది. తినేవాళ్ళు మాట్లాడకుండా తింటారు. బాగున్నట్టేగా" అనేది.

అలా ఉండగా, ఇన్నేళ్ళు నమ్మకంగా పనిచేసినందుకు మెచ్చుకోలుగా కంపెనీ ఆమెకి ఒక ఫ్యామిలీ పాస్ ఇచ్చింది. ఇంటిల్లిపాదీ ఒకరోజు పార్కుకి ఉచితంగా రావచ్చు. తిండి ఖర్చు మాత్రం ఎవరిది వాళ్ళదే.

"నేను ఆ చక్రాలెక్కి ఊగలేను. నాకున్నది ఒకటే కోరిక" అంది అత్తగారు. "నీ చేత్తో కాల్చిన పిజ్జా, నువ్వు నా పక్కన కూర్చుని తినాలి. అప్పుడు చెబుతా, డబ్బుకి తగిందో కాదో."

పొయ్యక్క ముందు మురిసిపోయింది. తర్వాత ఆలోచనలో పడింది. యూనిఫాంలో ఉంటే కాల్చవచ్చు, హాల్లో కూర్చోకూడదు. సెలవు పెడితే కూర్చోవచ్చు, పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు.

"రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి అత్తయ్యా?"

"అది నువ్వు చూసుకో. నేను ఆకలితో వస్తా, అంతే."

ముసలావిడ మాట తేలిగ్గా అన్నా, పొయ్యక్క తేలిగ్గా తీసుకోలేదు. వేడినీళ్ళ బకెట్టుకి బదులుగా ఈ ఒక్కటైనా ఇవ్వాలని ఆమె మనసు పడింది. ఆఖరికి ఒక దారి కనిపించింది. ఆమె పక్కనే ఉల్లిపాయలు, మిరపకాయలు తరిగే పెద్దాయనని అందరూ ముక్కల బాబాయి అంటారు. వారం రోజులు ఆయనకి పొయ్యి నేర్పింది. కాల్చేది బాబాయి అయినా నేర్పింది నేనే కాబట్టి సగం నా చేతిదే అవుతుందిలే అని సర్దిచెప్పుకుంది.

పార్కుకి వెళ్ళే రోజు సెలవు పెట్టి, కొత్త బట్టలు కట్టుకుని, కుటుంబాన్ని వెంటేసుకుని, పాస్ చేత్తో పట్టుకుని పొయ్యక్క నేరుగా వెనక గేటుకి తీసుకెళ్ళింది. రోజూ వచ్చే దారి అదే మరి. కాపలా అతను అడ్డం నిలబడ్డాడు.

"పాస్ ఉందా అక్కా?"

"ఇదిగో."

"అయితే ఇటు రాకూడదు. పాస్ ఉన్నవాళ్ళు ముందు గేటు నుంచి వెళ్ళాలి."

"చుట్టూ తిరిగి రావాలి కదా తమ్ముడూ, మా అత్తయ్యకి మోకాళ్ళు..."

"తెలుసక్కా. కానీ ఇవాళ నువ్వు అతిథివి. ఇటుపక్క చెత్త డబ్బాలుంటాయి, అతిథులు చూడకూడదు" అని అతనే నవ్వాపుకోలేక, ముందు గేటు దాకా పెద్దావిడని సామాన్ల బండి మీద కూర్చోబెట్టి తోసుకెళ్ళాడు.

హాల్లోకి వెళ్ళాక భర్త, కూతురు, అత్తగారు తలొక సింహాసనం ఎక్కారు. పొయ్యక్క మాత్రం చేతులు కట్టుకుని బల్ల పక్కన నిలబడిపోయింది. పక్క బల్లవాళ్ళు ఆమెని పిలిచి నీళ్ళు అడిగారు. తేవడానికి కదిలింది కూడా. కూతురు చెయ్యి పట్టుకుని లాగితే కుర్చీ అంచున, బస్సు దిగబోయేవాళ్ళలా కూర్చుంది.

పెద్ద పిజ్జా చెప్పినవాళ్ళకి అక్కడ కాగితం కిరీటం ఇస్తారు. అత్తగారు దాన్ని తలమీద పెట్టుకుని, "ఎలా ఉంది?" అంది.

"ఇంట్లో ఎప్పుడూ ఉండేదేగా అత్తయ్యా, ఇవాళ పైకి కనిపిస్తోంది అంతే" అంది పొయ్యక్క. ముసలావిడ సంబరపడిపోయింది.

పిజ్జా వచ్చింది. ఒకవైపు బొగ్గు, మధ్యలో పచ్చిపిండి. గాజు అవతల ముక్కల బాబాయి కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుచుకుంటున్నాడు. వేడికి అద్దాల మీద ఆవిరి కమ్మేసి ఆయనకి ఏమీ కనిపించలేదు. వారం రోజులు నేర్పిన పొయ్యక్కకి ఈ సంగతి తట్టనే లేదు. రద్దీ లేని వేళల్లో, పొయ్యి తలుపు మూసి నేర్పింది మరి.

భర్త ఒక ముక్క ఎత్తి చూసి, "బంగారం రేకు ఇదే కాబోలు" అని మాడిన అంచు తుంచాడు. అత్తగారు కిరీటం కిందనుంచి కోడలి వైపు చూసింది. ఆ చూపు పొయ్యక్క తట్టుకోలేకపోయింది. లేచింది. అలవాటైన కాళ్ళు అలవాటైన చోటికి వెళ్ళిపోయాయి.

చేతులు కడుక్కుంది. కొత్త బట్టలకి అడ్డంగా బాబాయి తువ్వాలు చుట్టుకుంది. పిండి ముద్ద తీసి అరచేతుల మీద తిప్పి తిప్పి సాగదీసింది. టమాటా గుజ్జు మధ్యనుంచి బయటికి సుడిలా పరిచింది. చీజు చల్లి, అంచంతా మడిచి, చివర్న బొటనవేలితో ఒక చిన్న నొక్కు నొక్కింది. ప్రతి పిజ్జాకీ ఆమె పెట్టే గుర్తు అది. పొడుగు కర్రకి బిగించిన రేకు పార మీద దాన్ని లోపలికి తోసి, వెనక మూలన సెగ ఎక్కువని తెలుసు కాబట్టి తిప్పుతూ నిలబడింది. హాల్లో పిల్లలు గాజుకి ముక్కులు ఆనించి చూస్తున్నారు.

సూపర్‌వైజరు పరుగున వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? కస్టమర్లు లోపలికి రాకూడదని నీకు చెప్పాలా?"

"మాడిపోయింది సార్. ఇది తీసేసి వెళ్ళిపోతా. అత్తయ్యకి ఇదొక్కటి..."

"పనిలో ఉంటే యూనిఫాం వేసుకో, హాల్లో కూర్చోకు. కస్టమరయితే పోయి కూర్చో, పొయ్యి ముట్టకు. రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకో."

పొయ్యక్క పారతో పిజ్జా బయటికి తీసి బల్ల మీద పెట్టింది. చక్కగా కాలింది. కానీ దాన్ని ఇప్పుడు ఎవరు, ఎక్కడ తినాలి? ఆమె నోటికి "అలాగే సార్" అన్న పాత మాటే వచ్చింది.

అంతలో వెనకనుంచి ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు. కాగితం కిరీటం పెట్టుకున్న అత్తగారు సింహాసనాన్ని లాక్కొస్తోంది.

"చూస్తే టేకు చెక్కలా ఉంది, ఎత్తితే బకెట్టంత బరువు లేదు" అంటూ దాన్ని పొయ్యి పక్కన దింపింది. "కూర్చోవే."

"పెద్దమ్మా, ఇది ఇక్కడ పెట్టకూడదు" అన్నాడు సూపర్‌వైజరు.

"కూర్చోవడానికే ఆ ధర అని మా మనవరాలు చెప్పింది. డబ్బు కట్టాను. నా కుర్చీలో ఎవరు కూర్చోవాలో నేను చెబుతా."

"చూసేవాళ్ళకి బాగోదమ్మా."

ముసలావిడ హాలు వైపు తిరిగింది. గాజు అవతల అందరూ తినడం ఆపి చూస్తున్నారు. "అడుగు. ఎవరికి బాగోలేదో చెయ్యెత్తమను." ఎవరూ ఎత్తలేదు. ఒక పాప మాత్రం ఏమిటో తెలియకుండానే చప్పట్లు కొట్టింది.

"నాకూ పైవాళ్ళున్నారు పెద్దమ్మా" అన్నాడతను గొంతు తగ్గించి.

"నీకూ కుర్చీ లేదా నాయనా?"

అతనికీ లేదు. రోజంతా హాల్లో అటూ ఇటూ తిరిగే మనిషి అతను. పక్కకి తప్పుకున్నాడు.

పొయ్యక్క కూర్చుంది. ఏళ్ళుగా నిలబడ్డ చోటే మొదటిసారి కూర్చుని చూస్తే గది పెద్దదిగా కనిపించింది. అత్తగారు ముక్క విరిచి ఆమె చేతికిచ్చింది. కొరికింది. నమిలింది. మొహం చిన్నబోయింది.

"ఉప్పు తగ్గింది అత్తయ్యా. ఇన్నేళ్ళూ అందరికీ ఇలాగే పెట్టానా?"

"పిండి కలిపి పంపేది వాళ్ళు. మనల్ని నాలిక మీద వేసుకోనిస్తేగా" అన్నాడు బాబాయి, అద్దాలు తుడుచుకుంటూ.

అత్తగారు ఆమె పక్కనే నిలబడి, పొయ్యి గట్టుకి ఆనుకుని, మొత్తం ముక్క అంచుతో సహా తినేసింది. తర్వాత తీర్పు చెప్పింది, కొడుక్కి కూడా వినబడేలా. "రొట్టె బాగుంది. అంచు కరకరలాడుతోంది, అది నా కోడలి చెయ్యి. కానీ ఆ ధర దండగరా. అందులో గోడ మీద బొమ్మలున్నాయి, పాటలున్నాయి, నా కిరీటం ఉంది. నా కోడలికో కుర్చీ మాత్రం లేదు. అది కూడా కలిపాక పిలవండి, ఇంకాస్త ఎక్కువైనా వచ్చి తింటా."

ఆ పూట కుర్చీ అక్కడే ఉండిపోయింది. మర్నాడు పొయ్యక్క వచ్చేసరికి తిరిగి హాల్లోకి వెళ్ళిపోయింది. ఆమె ఏమీ అడగలేదు. కానీ మధ్యాహ్నం, ముందురోజు చప్పట్లు కొట్టిన పాపకి తెలిసినవాళ్ళెవరో వచ్చి, "నిన్న పొయ్యి దగ్గర కుర్చీ ఉందట, ఏదీ?" అని సూపర్‌వైజరుని అడిగారు. అతను తెచ్చి వేశాడు. ఆ మర్నాడు మరొకరు అడిగారు, మళ్ళీ వేశాడు. ఆ వారం దాటాక అడిగేవాళ్ళు రాలేదు. కుర్చీ కూడా రాలేదు. పొయ్యక్క ఇప్పటికీ నిలబడే ఉంది. ఇంట్లో మాత్రం కూర్చుని తింటోంది, అత్తగారు నిలబడి తిననిస్తే కదా.

కాబట్టి మీరు అలాంటి చోటికి వెళ్ళినప్పుడు, పిజ్జా ఆ ధరకి తగిందా అని బిల్లు చూసి మొహం మాడ్చుకునే ముందు ఒకసారి గాజు అవతలికి చూడండి. కాల్చే మనిషి పక్కన కూర్చోవడానికి ఏదైనా ఉందేమో చూడండి. లేకపోతే అడగండి. ఆమెని కాదు, ఆమె "అలాగే సార్" అనే అంటుంది. ఆ సార్‌ని అడగండి, అందరికీ వినబడేలా, మర్యాదగా అడగండి. మళ్ళీ వెళ్ళినప్పుడు మళ్ళీ అడగండి. మీతో వచ్చినవాళ్ళ చేత అడిగించండి. మానేయకండి.